ఎనిమిది దాటితే ఎవరి బాధ్యత?

ఎనిమిదో తరగతి పరీక్షలు ఏప్రిల్‌లో ముగుస్తాయి. బడులు మళ్లీ జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. ఈ నడిమి ఏడు వారాలలో మన బస్తీలలో, మన ఊళ్లలో ఎందరో ఆడపిల్లల చదువు చడీచప్పుడు లేకుండా ముగిసిపోతున్నది. ఏ తండ్రీ తన కూతురి చదువు మాన్పించానని చెప్పడు. ఏ ప్రధానోపాధ్యాయుడూ ఆ పిల్ల పేరు కొట్టివేశానని చెప్పడు. "తల్లికి చేదోడుగా ఉంటున్నది", "వచ్చే ఏడు చూద్దాం", "సంబంధాలు వస్తున్నాయి" అనే మూడు మాటలలో ఏదో ఒకటి వినిపిస్తుంది. ఆ వచ్చే ఏడు ఎన్నడూ రాదు. ఈ నిశ్శబ్దంలో ప్రభుత్వానికీ వాటా ఉన్నది, మన పెద్దలకూ వాటా ఉన్నది. ఇద్దరి వాటానూ లెక్కగట్టి చెప్పవలసిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాం.

ముస్లిం బాలికల విద్యను గురించి సభలలో మాట్లాడే ప్రభుత్వ ప్రతినిధులు "మీ సమాజంలో చైతన్యం రావాలి" అంటారు. మన సభలలో మాట్లాడే పెద్దలు "ప్రభుత్వం మనల్ని పట్టించుకోవడం లేదు" అంటారు. రెండూ నిజాలే. కానీ ఒకరి నిజం వెనుక మరొకరు దాక్కోవడానికే అవి పనికివస్తున్నాయి. ఏళ్ల తరబడి ఈ రెండు రకాల సభలలోనూ కూర్చున్నవాళ్లం కనుక ఈ మాట అనగలుగుతున్నాం.

ముందుగా చట్టం సంగతి చూద్దాం. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21ఎ అధికరణం వచ్చింది. దానిని అమలుపరచడానికి 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అది ఎవరికి హక్కు ఇచ్చింది? ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలకు, ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు. అంతటితో హక్కు ముగిసింది. తొమ్మిదో తరగతి నుండి చదువు అనేది ప్రభుత్వం దయతలచి అమలుచేసే పథకమే తప్ప పౌరురాలు నిలదీసి అడగగలిగిన హక్కు కాదు. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండే సమయమూ, కుటుంబం ఆమెను గడప దాటనివ్వడానికి జంకే సమయమూ ఒక్కటే. సరిగ్గా ఆమెకు చట్టం అండ అవసరమైన చోట చట్టం చేతులు దులుపుకున్నది.

హక్కు లేనిచోట దూరం పెరుగుతుంది. ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండాలన్నది ప్రమాణం. ఉన్నత పాఠశాలకు వచ్చేసరికి 2009లో ప్రారంభమైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ పెట్టుకున్న లక్ష్యమే అయిదు కిలోమీటర్లు. ఇంటర్మీడియెట్‌కు అది ఏడు నుండి పది కిలోమీటర్లు. కాగితం మీద అయిదు కిలోమీటర్లు చిన్న దూరమే. జొన్నచేల నడుమ, సారా దుకాణం ముందునుంచి, సాయంత్రం ప్రత్యేక తరగతి ముగిశాక చీకటిపడే వేళ నడవవలసిన పద్నాలుగేళ్ల పిల్లకు, ఆమె కోసం వాకిట్లో నిలబడిన తల్లికి అది చిన్న దూరం కాదు. ఆర్టీసీలో ఆడపిల్లలకు పదో తరగతి దాకా ఉచిత పాసు ఎంతోకాలంగా ఉన్నది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి మహిళలందరికీ ఉచిత ప్రయాణమే. మంచిదే, కాదనం. టికెట్టు అక్కరలేని బస్సు వచ్చింది కానీ, బడి వేళకు ఊళ్లోకి వచ్చే బస్సు అన్ని ఊళ్లకూ రాలేదు.

ఇక ఉపకార వేతనాల కథ వినాలి. ఒకటి నుండి పదో తరగతి వరకు చదివే మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని 2022లో ఎనిమిదో తరగతి దాకా ఎత్తివేశారు. చెప్పిన కారణం ఏమిటి? ఎనిమిది దాకా విద్యాహక్కు చట్టం ఉన్నది కదా, చదువు ఉచితమే కదా, ఇంకా వేతనం ఎందుకు అని. సరే, ఆ తర్కాన్ని ఒక్క క్షణం ఒప్పుకుందాం. ఆ తర్కం ప్రకారం విద్యాహక్కు చట్టం వర్తించని తొమ్మిది, పది, ఇంటర్ తరగతుల బాలికలకు సాయం రెట్టింపు కావాలి. అలా జరిగిందా? సరిగ్గా ఆ నాలుగు తరగతుల మైనారిటీ బాలికల కోసమే బేగం హజ్రత్ మహల్ పేరిట ఒక ఉపకార వేతనం ఉండేది. తొమ్మిది, పది తరగతులకు 5,000 రూపాయలు, ఇంటర్ రెండేళ్లకు ఏడాదికి 6,000 రూపాయల చొప్పున ఇచ్చేవారు. ముందు తరగతిలో సగం మార్కులు, తల్లిదండ్రులకు రెండు లక్షల లోపు ఆదాయం ఉంటే చాలు. దానిని నడిపిన సంస్థ 1989లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్. 2024 ఫిబ్రవరిలో ఆ సంస్థనే మూసివేయమని కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ ఉత్తర్వు ఇచ్చింది. సంస్థ వద్ద మిగిలిన నిధులను ప్రభుత్వ ఖజానాకు జమ చేయమన్నది. దేశపు మొదటి విద్యామంత్రి పేరు పెట్టుకున్న సంస్థ అది. కింది తరగతులకు హక్కు ఉన్నదని వేతనం తీసివేశారు, పై తరగతులకు హక్కూ లేదు, వేతనమూ లేదు. "బేటీ బచావో, బేటీ పఢావో" అని గోడల మీద రాసిన చేతితోనే ఈ ఉత్తర్వు మీద సంతకం చేశారు.

అయిదారు వేల రూపాయలకు ఒక పిల్ల చదువు ఆగుతుందా అని అడిగేవారున్నారు. ఆగుతుంది. గుంటూరు వైపు మిరప తొడిమలు తీసే పనికి వెళ్లే ఇళ్లలో, నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే ఇళ్లలో, పాతబస్తీలో గాజులకు రాళ్లు అంటించే ఇళ్లలో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్ల చేతులు రోజుకు కొంత సంపాదిస్తాయి. ఆమె బడికి వెళితే ఆ కొంత పోతుంది. నోటు పుస్తకాలు, ఆటో కిరాయి, పరీక్ష రుసుము అదనం. చేతికి వచ్చే 5,000 ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చదు. కానీ కూతురిని బడికి పంపాలని పట్టుబట్టే తల్లికి ఇంట్లో వాదించడానికి ఒక ఆధారం అవుతుంది. "దాని చదువుకు సర్కారే ఇస్తున్నది" అని ఆమె చెప్పగలుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన అమ్మఒడి, ఇప్పటి తల్లికి వందనం పథకాలు ఇంటర్ దాకా వర్తించడం ఈ దృష్టితో చూస్తే సరైన పనే. ఏ పార్టీ చేసింది అన్నది మాకు అనవసరం.

సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో వచ్చింది. దానిని మనవాళ్లు పదే పదే ఉదహరిస్తారు గానీ, అందులో మన రాష్ట్రం గురించి ఉన్న ఒక ముఖ్యమైన సంగతిని ఎవరూ ప్రస్తావించరు. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే ఎక్కువ. అవును, ఎక్కువ! మనవాళ్లు అధికంగా పట్టణాలలో ఉండటం దానికి ఒక కారణం. అంటే మన పిల్లలు బడి గడప తొక్కడంలో వెనుకబడలేదు. పేరు రాయడం, చదవడం నేర్చుకున్నారు. ఆ తరువాత నిలబడలేకపోతున్నారు. కనుక మనకు కావలసింది "చదువు విలువ తెలుసుకోండి" అనే ఉపన్యాసం కాదు, విలువ తెలిసి పంపిన పిల్లను పదో తరగతి, ఇంటర్ దాకా నిలబెట్టే ఏర్పాటు. అదే నివేదిక మరో అపోహనూ తుడిచివేసింది. బడి ఈడు ముస్లిం పిల్లలలో మదరసాలకు వెళ్లేవారు మూడు శాతమేనని చెప్పింది. అయినా టీవీ చర్చలలో ఈనాటికీ మన పిల్లల చదువు అనగానే మదరసా బొమ్మనే చూపిస్తారు. మిగతా తొంభై ఏడు శాతం పిల్లల బడి గురించి మాత్రం ఒక్కరూ అడగరు.

మనవాళ్లు పట్టణాలలో ఉన్నారన్న ఆ ఒక్క వాస్తవమే మరో చిక్కు తెచ్చిపెట్టింది. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి. మైనారిటీ బాలికలకూ వాటిలో చోటు ఉన్నది. తరువాత వాటిని ఇంటర్ దాకా పెంచారు. ఎంతో మంచి పథకం. అయితే వాటిని స్థాపించింది విద్యలో వెనుకబడిన మండలాలలో, అంటే ముఖ్యంగా గ్రామీణ ప్రాంతాలలో. పట్టణంలో మున్సిపల్ వార్డు మురికివాడలో ఇరుకు గదిలో ఉండే ముస్లిం బాలిక ఆ పటంలో కనిపించదు. ఆమె మండలం "వెనుకబడింది" కాదు, ఆమె వీధి వెనుకబడింది. తెలంగాణలో 2016లో 71 మైనారిటీ గురుకులాలతో మొదలుపెట్టి వాటిని 204కు పెంచారు. బాలికలకు విడిగా గురుకులాలు పెట్టడం వల్ల, దూరం పంపడానికి భయపడే తల్లిదండ్రులు కూడా పంపారు. పరదా పాటించే కుటుంబాలు ఆడపిల్లను హాస్టలుకు పంపవని ఇన్నాళ్లూ చెప్పినవాళ్లకు ఇది జవాబు. నమ్మదగిన చోటు చూపిస్తే పంపుతారు. అద్దె భవనాలలో, చాలీచాలని గదులలో వాటిని నడపడం వేరే లోపం, దాని మీద వేరుగా పోరాడాలి. ఆంధ్రప్రదేశ్‌లో అంతటి విస్తరణ జరగనేలేదు. కర్నూలు, కడప, గుంటూరు వంటి చోట్ల ఇంత జనాభా ఉండి కూడా ఎందుకు జరగలేదని మన ప్రజాప్రతినిధులను మనం గట్టిగా అడిగిన సందర్భమూ లేదు.

ఉర్దూ మాధ్యమం విషయం మరింత విచారకరం. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించారు. సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. బడిలో ఏమి జరుగుతున్నదో చూడండి. ఉర్దూ మాధ్యమంలో గణితం, భౌతికశాస్త్రం బోధించే పోస్టులకు కూడా రోస్టర్ వర్తిస్తుంది. రోస్టర్‌లో ఎస్సీ, ఎస్టీలకు వచ్చే పోస్టుకు ఉర్దూలో చదువుకున్న అభ్యర్థి ఆ వర్గాలలో దాదాపు దొరకరు. పోస్టు ఖాళీగా ఉండిపోతుంది. తరువాతి నోటిఫికేషన్‌లో మళ్లీ అదే పోస్టు, మళ్లీ అదే ఖాళీ. ఇందులో దళిత, గిరిజన సోదరుల తప్పు రవ్వంత లేదు, వారి వాటాలో ఒక్క పోస్టు తగ్గాలని మేము కోరడం లేదు. ఆ స్థానాలను వారికి తెలుగు మాధ్యమంలో ఇచ్చి, ఉర్దూ పోస్టును ఉర్దూ అభ్యర్థితో నింపవచ్చు. ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. ఈ సవరణకు కావలసింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు మాత్రమే. అది రాకపోవడంతో నష్టపోతున్నది ఎవరు? గణితం చెప్పే ఉపాధ్యాయుడు లేని బడిలో పదో తరగతి రాసే పిల్ల. ఆమె గణితంలో తప్పుతుంది. "చదువు అబ్బలేదు" అని ఇంట్లో తేల్చివేస్తారు. ఎలాగో గట్టెక్కితే ఇంటర్‌కు ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ కళాశాల చేరువలో ఉండదు. పదేళ్లు ఉర్దూలో చదివిన పిల్ల ఒక్కసారిగా ఇంగ్లీషులో జీవశాస్త్రం చదవాలి. అన్నలకు తమ్ముళ్లకు కాన్వెంటు, అక్కకు చెల్లెకు ఉర్దూ బడి అనే ఏర్పాటు మన ఇళ్లలో ఎంత సహజమైపోయిందో తెలిసినవారికి ఈ భారం ఎవరి మీద పడుతున్నదో వేరే చెప్పనవసరం లేదు.

ధ్రువపత్రాల బాధ బయటివారికి అర్థం కాదు. కార్యాలయాలలో ఏళ్లు గడిపినవాళ్లం కనుక మాకు కొంత తెలుసు. బడి రికార్డులో "షేక్ రేష్మా" అని ఉంటుంది. ఆధార్‌లో "రేష్మా షేక్", తండ్రి రేషన్ కార్డులో "ఎస్.కె.", బ్యాంకు ఖాతాలో "రేష్మా బేగం". తెలంగాణ వైపు మహమ్మద్ కాస్తా "ఎండీ" అవుతుంది. షేక్ అనే ఒక్క మాటకు ఇంగ్లీషులో అయిదారు రకాల అక్షరక్రమం ఉన్నది. యంత్రానికి ఇవన్నీ వేర్వేరు మనుషులు. దరఖాస్తు తిరస్కరణ. సరిచేయించడానికి తండ్రి నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని మీసేవ చుట్టూ తిరగాలి. కొడుకు కోసం అయితే తిరుగుతాడు, కూతురి కోసం రెండో రోజుకే విసుగు వస్తుంది. కుల ధ్రువపత్రంలోనూ ఇదే చిక్కు. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ లో నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. దూదేకుల, నూర్‌బాషాలు బీసీ-బి కింద ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు బీసీ-ఇ లోకి రారు. ఏ ఇంటివారు ఏ గడిలో దరఖాస్తు చేసుకోవాలో తెలియక తప్పు గడిలో టిక్కు పెట్టి సీటు పోగొట్టుకుంటారు. ఒక్క మనిషి, కాస్త చదువుకున్న మనిషి, జుమా నమాజు తరువాత గంటసేపు మస్జిద్ వరండాలో కూర్చుంటే ఇందులో సగం సమస్య తీరుతుంది. కూర్చునేవారేరీ?

ఇక్కడి నుండి మన ఇంటి మాట.

"చదివిస్తే సంబంధం దొరకదు" అనేది మన సమాజంలో ఎక్కువగా వినిపించే వాదం. దీనిని కేవలం మూఢత్వం అని కొట్టిపారేయడం న్యాయం కాదు, దాని వెనుక ఒక నిజం ఉన్నది. మన మగపిల్లలు అమ్మాయిల కంటే ముందే బడి మానేసి మెకానిక్ షెడ్డుకో, వెల్డింగ్ దుకాణానికో, పండ్ల బండికో వెళుతున్నారు. ఎనిమిదో తరగతితో ఆగిన అబ్బాయి ఇంటర్ చదివిన అమ్మాయిని చేసుకోవడానికి జంకుతాడు, అతని తల్లి మరింత జంకుతుంది. చదువుకున్న వరుడు దొరికితే "జోడే కీ రఖం" పెరుగుతుంది. తండ్రి లెక్క వేస్తాడు: చదివించడానికి ఖర్చు, చదివించినందుకు మళ్లీ ఖర్చు. ఆ లెక్కలో తప్పు లేకపోవచ్చు. తప్పు ఆ రఖం అడిగేవాడిది, దానిని నికాహ్ సభలో కూర్చుని చూస్తూ నోరెత్తని పెద్దది. మన షరీఅత్‌లో ఇవ్వవలసింది వరుడు, వధువుకు మెహర్. ఎదురు వసూలు చేసే ఈ ఆచారం ఎక్కడి నుండి వచ్చింది? సంగీతం ఉన్న పెళ్లికి రానని భీష్మించే ఖాజీ సాహెబులు జోడే కీ రఖం ముట్టిన పెళ్లికి ఎందుకు వస్తున్నారు? ఇద్దరి చదువులో అంతరం వస్తున్నదంటే అబ్బాయిని కూడా బడిలో ఉంచాలి గానీ, అమ్మాయిని అతని స్థాయికి దించకూడదు.

బాల్యవివాహ నిషేధ చట్టం 2006లో వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదికి ముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇది ముస్లింల లెక్క కాదు, అన్ని మతాలవారి లెక్క. బాల్యవివాహాన్ని మన నుదుటికి మాత్రమే అంటించాలని చూసేవారు ఈ సంఖ్యలు చదువుకోవాలి. అందరిలో ఉన్నది కనుక మనలో ఉంటే ఫరవాలేదని అనుకునేవారికి మాత్రం మా వద్ద సానుభూతి లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2014లో షాదీ ముబారక్ పథకం తెచ్చింది. 51,000 రూపాయలతో మొదలై 2018 నాటికి 1,00,116 అయింది. వధువుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. ఎంత చదివింది అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన షాదీ తోఫాలో వధూవరులిద్దరూ పదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలని నియమం పెట్టారు. అప్పుడు మన నాయకులలో కొందరు "పేదలకు అన్యాయం, నియమం తీసివేయండి" అని మొర పెట్టుకున్నారు. మేము ఆ మొరలో గొంతు కలపలేము. ఒక లక్ష రూపాయలు పెళ్లికి ఇచ్చే ప్రభుత్వం, ఆ పెళ్లికి ముందు పదో తరగతి చదవమనడం అన్యాయమెలా అవుతుంది? నియమాన్ని తీసివేయమని కాదు, నియమం నెరవేర్చుకోవడానికి పదో తరగతి బడి దగ్గరలో పెట్టమని అడగాలి. వేతనం అయిదు వేలు ఎత్తివేస్తే ఊరుకున్నవారు, పెళ్లి సొమ్ము లక్షకు నియమం పెడితే వీధిలోకి రావడం మన ప్రాధాన్యాల మీద మంచి సాక్ష్యం కాదు.

దీన్ పేరు చెప్పి చదువు ఆపేవారితో వాదం పెట్టుకోవడం మాకు కొత్త కాదు. మొదటి వహీలోని మొదటి మాటే చదవమన్న ఆజ్ఞ. అది మగవారికి మాత్రమే దిగిందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. విద్యార్జన ముస్లిం అయిన ప్రతి ఒక్కరి విధి అని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారని ప్రతి మౌల్వీ సాహెబూ చెబుతారు. రెండు వేలకు పైగా హదీసులు హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు అందాయి. సహాబాలు ఆమె వద్దకు వచ్చి సందేహాలు తీర్చుకున్నారు. వేదిక మీద ఇవన్నీ చెప్పి, వేదిక దిగాక "ఆడపిల్లకు ఇంతటితో చాలు" అంటే ఆ ప్రసంగానికి అర్థమేమిటి?

ఇటీవల ఎనిమిదో తరగతి మాన్పించి బాలికలను జామియతుల్ బనాత్‌లో చేర్చడం పెరుగుతున్నది. ఆలిమా కావడం గౌరవమే, ఆ సంస్థలను మేము వ్యతిరేకించడం లేదు. అక్కడ నాలుగైదేళ్లు చదివి బయటికి వచ్చిన అమ్మాయి చేతిలో ప్రభుత్వం గుర్తించే పదో తరగతి పత్రం లేకపోతే ఆమె నర్సింగ్‌లో చేరలేదు, ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లలేదు, అంగన్‌వాడీ ఉద్యోగానికి కూడా దరఖాస్తు చేయలేదు. దీనికి అడ్డుగోడ ఏదీ లేదు. పద్నాలుగేళ్లు నిండినవారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయవచ్చు. రెండు రాష్ట్రాలలోనూ ఆ సంస్థలు ఉన్నాయి, జాతీయ సంస్థ కూడా ఉన్నది. ప్రతి బనాత్ మదరసా తన విద్యార్థినుల చేత ఆ పరీక్ష రాయించాలని చందా ఇచ్చేవారు షరతు పెట్టవచ్చు. రసీదు పుస్తకం పట్టుకుని వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఈ ఏడు మీ పిల్లలు ఎందరు పదో తరగతి రాశారు?

హిజాబ్ సంగతి కూడా చెప్పాలి. కర్ణాటకలో 2022 ఫిబ్రవరిలో తల మీద గుడ్డ ఉన్నదని పిల్లలను కళాశాల గేటు బయట నిలబెట్టారు. మార్చి 15న హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా తీర్పు చెప్పారు. జస్టిస్ సుధాంశు ధూలియా బాలికల చదువునే గీటురాయిగా తీసుకుని నిషేధం చెల్లదన్నారు. మన తెలుగు నేల మీద అటువంటి ఉత్తర్వు లేదు. కానీ పరీక్షా కేంద్రం వద్ద ఒక తనిఖీ అధికారి అత్యుత్సాహం చాలు, ఒక పిల్ల అరగంట ఏడ్చి లోపలికి వెళ్లడానికి. ఆ వార్త విన్న పది ఇళ్లలో పదిమంది పిల్లల చదువు ఆగుతుంది. గుడ్డ తీస్తేనే లోపలికి రమ్మనేవాడూ, గుడ్డ కోసమే ఇంట్లో ఉండమనేవాడూ ఒకరినొకరు శత్రువులనుకుంటారు. ఆ పిల్ల విషయంలో ఇద్దరూ చేస్తున్న పని ఒక్కటే.

బేగం రొకేయా సఖావత్ హుస్సేన్ 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది బాలికలతో బడి తెరిచారు. పరదా పాటించే కుటుంబాలు పిల్లలను వీధిలో నడవనివ్వవు. ఆమె పరదాను తిడుతూ కూర్చోలేదు, పరదా ఉన్నది కనుక బడి వద్దనీ అనలేదు. పిల్లల ఇంటికి తెరలు కట్టిన బండి పంపారు. అంతకు నాలుగేళ్ల ముందే మన హైదరాబాదులో మహబూబియా బాలికల పాఠశాల మొదలైంది. వందేళ్ల కింద గుర్రపు బండితో చేయగలిగిన పనిని ఈనాడు ఆటోలతో చేయలేమా? ఒక మొహల్లాలో తొమ్మిది, పది, ఇంటర్ చదివే పదిమంది ఆడపిల్లలకు నమ్మకమైన ఒక ఆటోను నెలవారీగా మాట్లాడటానికి అయ్యే ఖర్చు ఎంత? ఒక వలీమాలో మిగిలి పారబోసే బిర్యానీ ఖరీదు అంత ఉండదా? నిరుపేద విద్యార్థిని చేతికి జకాత్ ఇవ్వవచ్చని మన ఉలమాలు చెబుతూనే ఉన్నారు. రమజాన్‌లో మన జకాత్ ఎక్కడెక్కడికో రసీదుల మీద వెళ్లిపోతుంది, పక్క వీధి పిల్ల ఆటో కిరాయి లేక ఆగిపోతుంది.

మస్జిద్ కమిటీల విషయంలో మా ఫిర్యాదు ఇంతకన్నా గట్టిది. మినారు ఎత్తు, ఏసీల సంఖ్య, మైకు సెట్టు నాణ్యత, వీటి మీద గంటల తరబడి చర్చ జరిగే కమిటీ వద్ద ఆ మొహల్లాలో ఎంతమంది బాలికలు ఎనిమిది దాటి తొమ్మిదిలో చేరారు అన్న లెక్క ఉండదు. 2025లో వక్ఫ్ సవరణ చట్టానికి వ్యతిరేకంగా మనమంతా వీధులలో నిలబడ్డాం. నిలబడవలసిందే, వక్ఫ్ మన పూర్వికుల అమానత్. కానీ ఆ అమానత్ మీద దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు లేచినన్ని బాలికల హాస్టళ్లు లేచాయా? ముతవల్లీలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. పట్టణ కేంద్రంలో వక్ఫ్ భవనంలో ఒక అంతస్తు, ఇరవై మంచాలు, ఒక వార్డెన్ ఉంటే చుట్టుపక్కల ఊళ్ల నుండి ఇంటర్ చదవడానికి వచ్చే పిల్లలకు నీడ దొరుకుతుంది. వక్ఫ్ అన్యాక్రాంతమైందని వాపోయే హక్కు, ఉన్న వక్ఫ్‌ను పిల్లల కోసం వాడినవాడికి ఎక్కువగా ఉంటుంది.

మేము కోరేది రెండు చోట్ల. ప్రభుత్వం విద్యాహక్కును ఇంటర్ దాకా, అంటే పద్దెనిమిదేళ్ల దాకా పెంచాలి. అంతవరకు కేంద్రం ఎత్తివేసిన బాలికల వేతనాన్ని రెండు రాష్ట్రాలు తమ మైనారిటీ సంక్షేమ నిధుల నుండి తిరిగి ఇవ్వాలి. ఉర్దూ పోస్టుల రోస్టర్ చిక్కును ఈ విద్యా సంవత్సరంలోనే విప్పాలి. పట్టణ వార్డులను లెక్కలోకి తీసుకుని బాలికల గురుకులాలు పెట్టాలి.

రెండో చోటు మన మొహల్లా. ప్రతి మస్జిద్ కమిటీ, మగవారితో పాటు ముగ్గురు నలుగురు చదువుకున్న స్త్రీలను కూర్చోబెట్టి ఒక పట్టిక రాయాలి: ఏడు నుండి ఇంటర్ దాకా ఉన్న ప్రతి బాలిక పేరు, బడి, పత్రాలు సరిగా ఉన్నాయా లేవా. స్త్రీలే ఎందుకంటే ఆ ఇళ్లలోకి వెళ్లి తల్లితో మాట్లాడగలిగేది వాళ్లే. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కుర్చీలలో మన తల్లులు కూర్చోవాలి.

మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. బడులు ఏటా పంపే యూడైస్ లెక్కలలో తరగతి వారీగా ముస్లిం బాలికల సంఖ్య ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద మండల విద్యాశాఖాధికారికి ఒక దరఖాస్తు రాయండి. మండల స్థాయిలో రుసుము అయిదు రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. అడగవలసినవి మూడే: గత మూడేళ్లలో మీ మండలంలో ఎనిమిదో తరగతిలో ఉన్న ముస్లిం బాలికలు ఎందరు, మరుసటి ఏడు తొమ్మిదిలో ఉన్నది ఎందరు, ఉర్దూ మాధ్యమంలో మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో ముప్పై రోజులలోగా పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దరఖాస్తు నకలు, పోస్టు రసీదు జాగ్రత్త చేసుకోండి.